అరకు పళ్ళెపుటాట: టీకా తాత్పర్య విశేషములు

అవతారిక

డిస్క్ గోల్ఫ్ అంటే గోల్ఫు నుంచి కర్రనూ బంతినీ తీసేసి, ఆటగాడి చేతికి ప్లాస్టిక్ చక్రం ఇచ్చిన క్రీడ. ఉన్నచోటి నుంచి చక్రాన్ని విసరాలి. అది పడినచోటికి నడిచి వెళ్ళి అక్కణ్ణుంచి మళ్ళీ విసరాలి. చివరకు కర్రకు అమర్చిన గొలుసుల బుట్టలో దాన్ని పడవేయాలి. ఎవరి విసుర్లు తక్కువైతే వారిది గెలుపు. ఎక్కువ చేసినవాడు ఓడే ఆటలు లోకంలో కొన్నే ఉన్నాయి, వాటిలో ఇదొకటి.

ఈ శాస్త్రానికి సూత్రకర్త ఎడ్ హెడ్రిక్ అనే అమెరికా దేశస్థుడు. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో తొలి మైదానం ఏర్పడింది. 1976లో ఆటకు సంఘం పుట్టింది. గొలుసుల బుట్టకు 1977లో పేటెంటు దక్కింది. హెడ్రిక్ 2002లో చనిపోయాక, ఆయన కోరిక మేరకే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి చక్రాలు పోశారు. సూత్రకర్త సూత్రంలో ఇంతగా లీనమైపోవడం పాణిని పతంజలులకు కూడా సాధ్యపడలేదు.

ఇంత దూరాన పుట్టిన ఆటను శని ఆదివారాల కుటుంబయాత్రలో అరకు లోయకు తెస్తే ఏమవుతుందన్నది ప్రకృత విషయం. దాన్ని చెప్పేవి రెండు ఆటవెలదులు. కవి పేరు వాటిలో లేదు, కానీ లోపలి ఆధారాలను బట్టి తేల్చడానికి వీలుంది. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కొలిచెలమ మల్లినాథ సూరి మెదకు సీమవాడు. ఆ ప్రతిజ్ఞలోని మొదటి సగం ఈ వ్యాఖ్యలో పాటించబడుతుంది.

మూలము

కొండ రైలు నెక్కి కుర్రకుంకలతోడ
అరకు లోయఁ జేరి యాట మొదలు;
సిల్వరోకు పైన చిక్కెను పళ్ళెంబు
అత్తగారికేమొ యాకలాయె.

టీక

కొండ రైలున్ = కొండలమీదుగా పోవు ధూమశకటమును (ఇప్పుడు ధూమము లేదు, విద్యుత్తే); ఎక్కి = అధిరోహించి; కుర్రకుంకలతోడన్ = అదుపునకు రాని బాలబాలికలతో; అరకు లోయన్ + చేరి = ఆ పేరుగల లోయను పొంది; ఆట మొదలు = క్రీడ ఆరంభము; సిల్వరోకు పైనన్ = ఆ పేరి వృక్షాగ్రమందు; పళ్ళెంబు = విసరఁబడిన చక్రము; చిక్కెను = తగులుకొనెను; అత్తగారికి + ఏమొ = అత్తగారికైతే; ఆఁకలి + ఆయె = క్షుత్తు కలిగెను.

తాత్పర్యము

కుటుంబసమేతంగా కొండరైలెక్కి అరకు చేరగానే ఆట మొదలైంది. చక్రం సిల్వర్ ఓక్ చెట్టెక్కింది. అత్తగారికి ఆకలేసింది.

వ్యాఖ్య

“కొండ రైలు”: ఇది విశాఖపట్నం నుంచి కిరండూల్ పోయే రైలు. తెల్లవారి ఏడు కొట్టేలోపే విశాఖలో కదులుతుంది. కొత్తవలస దగ్గర ప్రధానమార్గాన్ని విడిచి కొండలకేసి తిరిగే ఈ దారిని 1960లలో వేసింది విహారయాత్రికుల కోసం కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపానుకు ఎగుమతి చేయడానికి వేశారు. నేటికీ ఆ మార్గంలో అసలు ప్రయాణికుడు ఇనుపరాయే, మనుషులు దానికి తోడు. 2017లో అద్దాల కప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించాక మనుషుల గౌరవం కాస్త పెరిగింది. దారిలో సొరంగాలు 58. అరకుకు ఒక స్టేషను ముందు వచ్చే శిమిలిగుడ సముద్రమట్టానికి 996.32 మీటర్ల ఎత్తున ఉంటుంది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదిగా అది చాలాకాలం వెలిగింది. ఎక్కడమంటే ఇక్కడ రెండు ఎక్కుళ్ళు: మనుషులు రైలెక్కడం, రైలు కొండెక్కడం. మూడో ఎక్కుడు మూడో పాదంలో చక్రం చేస్తుంది. ఈ వరుసను గమనించని పాఠకుడు పద్యంలో సగం పోగొట్టుకుంటాడు.

బొర్రా గుహల స్టేషను కూడా దారిలోనే వస్తుంది. అక్కడ దిగినట్టు కవి చెప్పలేదు కనుక దిగలేదనే అనుకోవాలి. ఆ గుహలను 1807లో భూగర్భ సర్వే శాఖకు చెందిన కింగ్ దొర కనిపెట్టాడని మార్గదర్శక గ్రంథాలన్నీ చెబుతాయి. ఆ శాఖ పుట్టిందే 1851లో. ప్రామాణిక గ్రంథాల పరిస్థితి ఇలా ఉండగా రెండు ఆటవెలదుల్లో తప్పులు వెతకడం న్యాయం కాదు.

“కుర్రకుంకలతోడ”: తోడ అనేది సహార్థం. పిల్లలు ప్రధానులా, పెద్దలా అని శంక. తృతీయ ఎవరికి చేరితే వారు అప్రధానులని వ్యాకరణం చెబుతుంది కాబట్టి పిల్లలు అప్రధానులు. అయితే ఈ నిర్ణయం కొత్తవలస దాటేదాకా కూడా నిలవదని అనుభవజ్ఞులంటారు. మొదటి యతి “కొ–కు”, ఒకార ఉకారాల మైత్రి. పాదాంతంలో “తోడ అరకు” అని విసంధి ఉంది. సంధి చేసి “తోడ నరకు” అంటే అర్థం హింసాత్మకంగా తోస్తుందని కవి మానుకొని ఉండాలి. ఇది దోషం కాదు, వివేకం.

“అరకు లోయఁ జేరి”: తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తున, విశాఖకు నూటపదిహేను కిలోమీటర్ల దూరాన ఉన్న లోయ. 2022 ఏప్రిల్ నుంచి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది, జిల్లా కేంద్రం పాడేరు. బగత, కొండదొర, కోటియ, వాల్మీకి, పోర్జ, గదబ తెగలవారు ఇక్కడి జనం. “చేరి” అనడమే తప్ప కవి “ఉండి” అనలేదు. ఈ ఔచిత్యం గమనించదగ్గది. డిస్క్ గోల్ఫులో సరిహద్దు అనే మాటకు శాస్త్రార్థముంది. గీత దాటి పడిన చక్రానికి ఒక విసురు జరిమానా. అరకులో అంతకంటే పాతదీ గట్టిదీ అయిన గీత ఒకటుంది. అదే 1/70 అని జనం పిలిచే చట్టం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించగా ఏర్పడిన దీని ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరుడు కొనడానికి లేదు, అమ్మకం జరిగినా చెల్లదు. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన దావాలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ గీతను ఇంకా లోతుగా గీసింది. ప్రైవేటు గనుల కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తితో సమానమేనని అంది. విహారయాత్రికుడు ఈ లోయలో చేరగలడు, ఆడగలడు, తినగలడు. అతనికి సొంతమయ్యే జాగా మాత్రం చక్రం పడిన చోట పెట్టుకునే గుర్తుబిళ్ళ అంతే, అదీ మరో విసురు దాకా. కవి “చేరి” అనే అసమాపక క్రియతో ఊరుకోవడంలో ఈ వినయమంతా ఉంది.

“ఆట మొదలు”: ఎవరు మొదలుపెట్టారో చెప్పలేదు. కర్త లోపించాడు, క్రియ కూడా లోపించింది. ఇంత పెద్ద లోపం ఊరికే జరగదు. కుటుంబయాత్రలో టోర్నమెంటు ఎప్పుడూ ఇలాగే, కర్త లేకుండా, తనంత తానే మొదలైనట్టు మొదలవుతుంది. నిజానికి దాని కర్త పది రోజుల ముందే చక్రాలు తెప్పించి, టిఫిను క్యారియరు సంచి అడుగున పులిహోర కింద సర్ది ఉంటాడు. పోతన గజేంద్రమోక్షంలో హరి లక్ష్మికి చెప్పకుండా బయలుదేరాడు, శంఖచక్రాలను కూడా చేత పట్టలేదు. ఇక్కడి పురుషుడు భార్యకు చెప్పకపోవడంలో హరిని అనుసరించి, చక్రాల విషయంలో మాత్రం జాగ్రత్తపడ్డాడు. అక్కడ ఆర్తుడి మొర వినబడింది. ఇక్కడ మొర నాలుగో పాదంలో వస్తుంది, దాన్ని వినేవాడు లేడు.

“సిల్వరోకు పైన”: ఈ ఒక్క మాటతో ఆట ఎక్కడ జరిగిందో తేలుతుంది. పద్మాపురం తోటలో అని కొందరు అనవచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన ఆ తోటలో పూలూ బొమ్మరైలూ ప్రధానం. చాపరాయి దగ్గర అనడానికి వీల్లేదు, అక్కడ రాతిపలకల మీద నీళ్ళు జారతాయి, చక్రమూ మనిషీ కూడా జారతారు. సిల్వర్ ఓక్‌లు వరుసలు తీరి నిలిచేది కాఫీ తోటల్లో, అంటే అనంతగిరి, సుంకరమెట్ట వైపు. అరబికా కాఫీకి నీడ కావాలి. ఆ నీడ కోసం పెంచే చెట్టు ఇది. దాని మొదలుకు మిరియాల తీగ పాకిస్తారు. నిట్టనిలువుగా పెరిగే చెట్టు, కింద కొమ్మలుండవు, పైన మాత్రం గుబురు. చక్రాన్ని పట్టుకోవడానికి ప్రత్యేకించి తయారుచేసినట్టుంటుంది, దించుకోవడానికి ఏ సౌకర్యమూ లేదు. విశేషమేమంటే ఆ చెట్టు పుట్టిల్లు ఆస్ట్రేలియా, కాఫీ పుట్టిల్లు ఇథియోపియా, చక్రం పుట్టిల్లు కాలిఫోర్నియా. ముగ్గురు పరదేశులు తూర్పు కనుమల్లో కలుసుకున్న సన్నివేశమిది.

చక్రం చెట్టెక్కడానికి కారణం కూడా విచారించాలి. విధి అనడం తేలిక. కుడిచేతివాటం మనిషి ఛాతీ ముందునుంచి చెయ్యి చాపి విసిరిన చక్రం, పైనుంచి చూస్తే గడియారపు ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. వేగం ఉన్నంతసేపు తిన్నగా పోయి, వేగం తగ్గాక ఎడమకు ఒరుగుతుంది. ఇది ప్రతి విసురుకూ ఉన్న స్వభావం, ఆటగాడు దాన్ని లెక్కలో వేసుకునే విసురుతాడు. అతను ఆ లెక్క నేర్చింది విశాఖ ఆర్కే బీచిలో, సముద్రమట్టంలో. అరకు ఎత్తున గాలి సాంద్రత అక్కడికంటే ఎనిమిది తొమ్మిది శాతం తక్కువ. పలచటి గాలి చక్రాన్ని తక్కువగా ఎత్తుతుంది, కాబట్టి ఒరగాల్సినచోటికంటే ముందే ఎడమకు ఒరుగుతుంది. ఎడమవైపు చెట్ల వరుస ఉంది. “గాలి మారింది” అని ఆటగాడు చెప్పుకున్న సాకు శాస్త్రసమ్మతమే. అతనికి ఆ సంగతి తెలియకుండా చెప్పాడన్నది వేరే విషయం.

“చిక్కెను పళ్ళెంబు”: “చక్రంబు” అని దిద్దబోయే పండితులుంటారు. గణాలు కుదురుతాయి, యతికి భంగం లేదు, గౌరవం పెరుగుతుంది. అయినా దిద్దకూడదు. కనెక్టికట్ రాష్ట్రంలో బ్రిడ్జిపోర్టు పట్నంలో ఫ్రిస్బీ అనే మిఠాయి రొట్టెల కంపెనీ ఉండేది. ఆ రొట్టెలు వచ్చే రేకు పళ్ళాలను కాలేజీ కుర్రాళ్ళు ఒకరికొకరు విసురుకునేవారు. ఫ్రెడ్ మారిసన్ అనే ఆయన తయారుచేసిన ప్లాస్టిక్ చక్రాన్ని వామ్-ఓ అనే ఆటవస్తువుల కంపెనీ 1957లో బజారులోకి తెచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు “ప్లూటో ప్లాటర్”, అంటే ప్లూటో పళ్ళెం. ఆ ఏడాదే ఫ్రిస్బీ పేరు తగిలించారు. కాబట్టి పళ్ళెం అనడమే చరిత్రకు దగ్గర. కవి ఈ చరిత్ర చదివి అన్నదో, ఇంట్లో తోముకునే వస్తువుతో పోల్చి తీసిపారేయడానికి అన్నదో నిర్ణయించాలి. రెండోదే ఎక్కువ సంభవం.

చెట్టున చిక్కిన పళ్ళేనికి శాస్త్రం ఏం విధిస్తుంది? చక్రం సరిగ్గా ఎక్కడ వేలాడుతోందో దాని కిందనే నేలమీద గుర్తు పెట్టుకొని ఆట సాగించవచ్చు. రెండు మీటర్లకు పైన చిక్కితే ఒక విసురు జరిమానా అనే నియమం ఉంది, కానీ నిర్వాహకుడు ముందుగా ప్రకటిస్తేనే అది అమల్లోకి వస్తుంది. ఇంకో సదుపాయం కూడా ఉంది. తర్వాతి విసురుకు అదే చక్రం వాడాలన్న నిర్బంధం లేదు, సంచిలోంచి మరొకటి తీయవచ్చు. విసరడానికి ఆటగాడికిచ్చే వ్యవధి ముప్ఫై సెకన్లు. అంటే శాస్త్రం ప్రకారం ఆట ఆగాల్సిన పని లేదు. లోకంలో ఆగింది. ఎందుకంటే చక్రానికి డబ్బు పెట్టారు.

“అత్తగారికేమొ యాకలాయె”: పద్యానికి ప్రాణం ఈ పాదం. “ఏమొ” అన్న అవ్యయం బరువంతా మోస్తోంది. పైన చక్రం చిక్కడం ఒక లోకం, అత్తగారి ఆకలి మరో లోకం, రెంటి మధ్యా ఈ “ఏమొ” అడ్డుగోడ. కారణం ఒకచోట, కార్యం ఇంకొకచోట ఉంటే అసంగతి అలంకారమని లాక్షణికులు చెప్పారు. చెట్టుమీద చక్రం చిక్కితే కడుపులో ఆకలి పుట్టడం అసంగతికి లక్ష్యంగా చూపదగ్గది. లౌకికంగా చూస్తే వింతేమీ లేదు. ఏడు లోపు రైలుకు పులిహోర కలిపి సిద్ధం చేసిన మనిషి నాలుగింటికే లేచి ఉంటుంది. రైలు అరకు చేరేసరికి పదకొండు దగ్గరపడుతుంది. ఆ పైన ఆట.

రోడ్డు పక్కన పచ్చి వెదురుబొంగులో మాంసం కూరి, ఆకులతో మూతి బిగించి, నూనె చుక్క లేకుండా నిప్పులమీద కాల్చే బొంగులో చికెన్ వాసన వస్తూనే ఉంటుంది. అత్తగారు మాంసాహారి అయితే ఆ వాసన ఆకలి పెంచుతుంది, శాకాహారి అయితే కోపం పెంచుతుంది. రెండు పక్షాల్లోనూ పాదం సమన్వయమవుతుంది.

మూలము

వెదక మూడు నిమిష వేళయే చాలని
పుస్తకమున నుండెఁ బూట పోయె;
గెలుపు బావకయ్యెఁ గేరింత పిల్లది;
కప్పు గెలిచెననినఁ గాఫి వచ్చె.

టీక

వెదకన్ = అన్వేషించుటకు; మూడు నిమిష వేళయే = నిమిషత్రయ కాలమే; చాలు + అని = సరిపోవునని; పుస్తకమునన్ = నియమావళియందు; ఉండెన్ = ఉన్నది; పూట = సగము దినము; పోయెన్ = గడచిపోయెను; గెలుపు = జయము; బావకున్ + అయ్యెన్ = బావకు కలిగెను; కేరింత = ఆనందధ్వని; పిల్లది = చిన్నపిల్లకు చెందినది; కప్పు = బహుమానపాత్రము (కాఫీ పాత్రమనియు శ్లేష); గెలిచెన్ + అనినన్ = గెలిచెనని చెప్పగా; కాఫి వచ్చెన్ = కాఫీ ఏతెంచెను.

తాత్పర్యము

వెతకడానికి మూడు నిమిషాలు చాలునని నియమం ఉన్నా ఒక పూట గడిచింది. బావ గెలిచాడు, పిల్ల కేరింతలు కొట్టింది, కప్పు గెలిచాడంటే కాఫీ వచ్చింది.

వ్యాఖ్య

కనబడకపోయిన చక్రం కోసం మూడు నిమిషాలకు మించి వెతకరాదనీ, అప్పటికీ దొరక్కపోతే ఒక విసురు జరిమానాతో వెనకటి చోటినుంచి మళ్ళీ విసరాలనీ ఆటనియమం. ఇక్కడ బలమైన ఆక్షేపణ ఉంది. మొదటి పద్యంలో చక్రం చెట్టుమీద చిక్కిందని కవే చెప్పాడు. ఉన్నచోటు తెలిసినదాన్ని వెతకడమేమిటి? పూర్వాపర విరోధం కాదా? వేరే చక్రం పోయిందని ఒక సమాధానం. చెట్టు తెలుసు గాని మిరియాల తీగ గుబురులో చక్రం కనబడలేదని మరొకటి. రెండూ బలహీనం. “వెదక” అన్న క్రియకు కవి కర్మను చెప్పలేదు. చక్రాన్ని వెతకడానికి మూడు నిమిషాలని పుస్తకంలో ఉంది. నిచ్చెనను వెతకడానికి ఎంతసేపో ఏ పుస్తకంలోనూ లేదు. మిరియాలు కోసేవారి నిచ్చెన తోటలో ఎక్కడో ఉంటుంది. దాన్ని అడిగి తెచ్చుకోవాలంటే తోటవాళ్ళను కనుక్కోవాలి, వాళ్ళు సంతకు వెళ్ళి ఉంటే తిరిగి రావాలి. పూట పోవడం ఇలా సమంజసమే. ఇదే సిద్ధాంతం.

“బావకయ్యె”: కర్తృత్వ నిర్ణయానికి ఇది కీలకం. మొదటి పద్యంలో “అత్తగారు”, రెండో పద్యంలో “బావ”. ఈ రెండు పిలుపులూ ఒకే నోట రావాలంటే ఆ నోరు ఎవరిది? బావమరిది అని పూర్వపక్షం. అక్క మొగుణ్ణి బావ అంటాడు సరే, కానీ అక్క అత్తగారు అతనికి అత్తయ్య అవుతుందే తప్ప “అత్తగారు” కాదు. ఒకవేళ ఆ యాత్రలోని అత్తగారు బావకే అత్తగారైతే, ఆమె ఈ కవికి కన్నతల్లి. కన్నతల్లి ఆకలిని “అత్తగారికేమొ” అని ఎవరూ చెప్పరు. చిన్నకోడలు అని రెండో పూర్వపక్షం. భర్త అన్నగారు ఆమెకు బావగారే, అత్తగారు అత్తగారే. ఇది కాస్త బలమైనది. అయితే మూలంలో అత్తకు “గారు” ఉంది, బావకు లేదు. ఛందస్సు కోసం పోయిందంటే, గణం కోసం మర్యాద వదిలే కోడలు ఉత్తరాంధ్రలో దొరకడం కష్టం. ఇక మిగిలింది ఒక్కతే: మేనరికం చేసుకొని, మొగుణ్ణి చిన్నప్పటి పిలుపుతోనే “బావ” అంటూ, మేనత్తను పెళ్ళయ్యాక “అత్తగారు” అంటున్న ఆటగాడి భార్య. అందుచేత ఈ పద్యాలు కవి రచన కాదు, కవయిత్రి రచన.

ఇలా నిశ్చయించాక వెనకటి చిక్కులన్నీ విడిపోతాయి. చక్రం ఎందుకు పళ్ళెమయిందో, “ఆట మొదలు” దగ్గర కర్త పేరెందుకు మింగిందో, పూట పోయిన సంగతి అంత క్లుప్తంగా ఎందుకు చెప్పిందో తెలుస్తుంది. ఒక్క చక్రమైనా విసరని మనిషి ఆట లెక్కంతా రాసింది. పోటీలో విసుర్లు లెక్కపెట్టే చీటీని ఆటగాళ్ళే నింపుతారు. పూటలూ ఆకళ్ళూ లెక్కపెట్టే చీటీ వేరే ఉంటుంది, దాన్ని నింపే అధికారం వాళ్ళకు లేదు. లోయలోనే దీనికో పోలిక ఉంది. చైత్రమాసపు ఇటుకల పండగలో మగవాళ్ళు వేటకు పోతే, వట్టిచేతులతో తిరిగొచ్చినవాళ్ళను ఊరి ఆడవాళ్ళు ఆటపట్టించడం ఆచారం. వేట మగవాళ్ళదే, తీర్పు మాత్రం ఆడవాళ్ళది. ఈ ఏర్పాటు కొండమీద బహిరంగంగా ఉంది, మైదానంలో పద్యరూపంలో ఉంది.

“కేరింత పిల్లది”: గెలిచినవాడు బావ, ఆనందించినది పిల్ల. ఈ కేరింత గెలుపుకేనా అన్నది సందేహం. అరకు రైలు సొరంగంలో దూరిన ప్రతిసారీ పిల్లలు గొంతెత్తి అరవడం అలవాటు, పెట్టెలో ఉన్న పెద్దలు కూడా గొంతు కలుపుతారు. అన్ని సొరంగాల్లో అరిచిన గొంతుకు ప్రత్యేక కారణం అక్కర్లేదు. పైగా పిల్ల కేరింత కొట్టింది నిచ్చెన మీంచి చక్రం కిందపడినప్పుడు అయ్యుండవచ్చు, అది బుట్టలో పడినదానికంటే చూడముచ్చటైన దృశ్యం. మూలం ఏ ఒక్కదాన్నీ ఖండించదు.

రసవిచారం క్లుప్తం. వీరం అంగం, హాస్యం అంగి. యాత్రకూ పోటీకీ ఉన్న సంబంధం కూడా ఇదే. టోర్నమెంటు యాత్రలో ఒక అంగమైనంతకాలం రెండూ నిలుస్తాయి. యాత్రను టోర్నమెంటుకు అంగం చేయబోతే రెండూ పాడవుతాయి. రెండు పద్యాల్లో ఆటకు దక్కిన చోటెంతో చూస్తే కవయిత్రి పక్షం తెలిసిపోతుంది. ఎనిమిది పాదాల్లో ఎక్కడా బుట్ట అన్న మాటే లేదు. చక్రం అందులో పడిందో లేదో ఆమె చూడలేదు, అక్కర్లేదనుకుంది.

“కప్పు గెలిచెననినఁ గాఫి వచ్చె”: డిస్క్ గోల్ఫులో ఔత్సాహికులకు నగదు ఇవ్వరు. కప్పో, పతకమో, ఆట సామానో ఇస్తారు. కుటుంబంలో అదీ లేదు. కప్పు గెలిచానన్న వార్త వినిపించినవాడికి కప్పు వచ్చింది, అందులో కాఫీ ఉంది. శ్లేష ఇంత తేలిగ్గా పండటం అరుదు. ఇక్కడా కర్త లేడు: కాఫీ తనంత తానే వచ్చినట్టు రాసింది. మొదటి పద్యంలో ఆట తనంత తానే మొదలైంది, రెండో పద్యంలో కాఫీ తనంత తానే వచ్చింది. ఎవరో ఒకరు తెచ్చి ఉండాలి కదా అని అడిగేవారికి, చక్రాలు ఎవరు తెచ్చారో బావ చెప్పాక ఈ జవాబు చెప్పవచ్చు.

ఆ కాఫీ ఏదో కూడా చెప్పాలి. పాడేరు, అరకు కొండల్లో గిరిజన రైతులు చిన్నచిన్న కమతాల్లో, సిల్వర్ ఓక్ నీడన, మిరియాలతో కలిపి పండించే అరబికా అది. పండు చేతికొచ్చేది నవంబరు నుంచి జనవరి దాకా. అంటే వలిసె పూలు లోయంతా పసుపు పూసే కాలానికే కాఫీ పండ్లు ఎరుపెక్కుతాయి, అదే యాత్రికుల రద్దీ కాలం కూడా. 1956లో ఏర్పడి విశాఖ కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ ఈ గింజను రైతుల దగ్గర కొంటుంది. నాంది ఫౌండేషన్ ప్రోత్సాహంతో వెలసిన రైతుల కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో “అరకు వ్యాలీ అరబికా”కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని ప్రకారం ఈ కొండల్లో పండని గింజను ఆ పేరుతో అమ్మడానికి వీల్లేదు. గెలిచిన బావకు న్యాయమే జరిగింది: రాగికప్పు ఏ ఊళ్ళోనైనా చేయించుకోవచ్చు, ఈ కాఫీ ఈ కొండల్లోనే పండాలి.